‘ఫంకీ డ్రమ్మర్’ వినడం ఎలా: తకధిమి లెక్కతో ఒక ఫంక్ పాటను పొరలు పొరలుగా విప్పే పద్ధతి

అమెరికన్ ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’ రెండు మూడు సార్లు విన్నాక చాలామంది అడిగేది ఒకటే: “ఇందులో ఏముందని ఇంత పేరు?” ప్రశ్న సబబే. పల్లవి లేదు, చరణం లేదు, చెప్పుకోదగ్గ బాణీ లేదు. గాయకుడు పాడేది తక్కువ, పక్కనున్న వాద్యగాళ్లను హుషారు చేసేది ఎక్కువ.

మనం పాటను గొంతుతో మొదలుపెట్టి వింటాం. ఆ తర్వాత బాణీ, చివరికి వాద్యాలు. ఈ పాటకు ఆ వరస పనికిరాదు. డ్రమ్స్‌తో మొదలుపెట్టి గొంతు దగ్గర ముగించాలి. కింద రాసిన అంచెలన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. మధ్యలో ఒకటి దాటేస్తే తర్వాతిది అందదు.

చరిత్ర ఇంతవరకు చాలు: 1969 నవంబర్ 20న ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో రికార్డు చేశారు, 1970 మార్చిలో రెండు భాగాల సింగిల్‌గా విడుదలైంది, డ్రమ్స్ వాయించింది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

సరైన రికార్డింగ్: 1986లో వచ్చిన ‘ఇన్ ద జంగిల్ గ్రూవ్’ సంకలనంలో ఉన్న పొడవాటి పాఠం (వెర్షన్) తీసుకోండి. అది 9 నిమిషాలు దాటుతుంది. సింగిల్ కోసం ముక్కలు చేసినవి ఈ పనికి చాలవు. అదే సంకలనంలో ‘బోనస్ బీట్ రిప్రైజ్’ అని దాదాపు 3 నిమిషాల ఇంకో ముక్క ఉంటుంది. డ్రమ్స్ భాగాన్నే తిప్పి తిప్పి డీజే డానీ క్రివిట్ అతికించినది అది. దాన్ని ఇప్పుడే వినొద్దు, 5వ అంచెలో పనికొస్తుంది.

హెడ్‌ఫోన్స్: ఖరీదైనవి అక్కర్లేదు, ఇయర్‌ఫోన్స్ అయినా సరే. ఫోన్ స్పీకర్ మాత్రం వద్దు. అంత చిన్న స్పీకర్ కింది స్థాయి శబ్దాలను పలికించలేదు, అందుకే కిక్ డ్రమ్మూ బేస్ గిటారూ సగానికి పైగా మాయమవుతాయి. ఈ పాటలో అవి పోతే మిగిలేది కేకలే.

లూప్ చేసే (ఒకే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పే) సాధనం: కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. కావలసిన భాగం ఎంచుకుని లూప్ పెట్టవచ్చు, శ్రుతి మారకుండా వేగం తగ్గించవచ్చు. ఫోన్‌లోనే వినేవాళ్లు వేగాన్ని సగానికి తగ్గించే ప్లేయర్ ఏదైనా వాడవచ్చు.

గళ్ల కాగితం: అడ్డంగా 16 గళ్లు, నిలువుగా 5 వరసలు.

సమయం: ఒక్కో విడత 40 నిమిషాల చొప్పున మూడు విడతలు, మూడు వేర్వేరు రోజుల్లో. ఒకేసారి కూర్చుంటే చెవి అలిసిపోయి చిన్న దెబ్బలు వినిపించడం మానేస్తాయి.

2. తాళం పట్టుకోవడం

పాట వేగం నిమిషానికి సుమారు 100 అక్షరాలు. తాళంలో ఒక్కో లెక్కను అక్షరం అంటాం కదా, పాశ్చాత్యులు బీట్ అనేది దాన్నే. ఒక్కో అక్షరాన్ని నాలుగు మాత్రలుగా విడగొట్టండి: త, క, ధి, మి. అలాంటివి నాలుగు కలిస్తే 16 మాత్రలు. దీన్ని ఇక్కడ ‘ఒక చుట్టు’ అందాం. వాళ్లు బార్ అంటారు.

ఆది తాళం వేయడం వచ్చినవాళ్లకు పని ఇంకా తేలిక. చతురశ్ర గతిలో ఒక ఆవర్తనం అంటే 8 అక్షరాలు, అంటే ఈ పాటలో రెండు చుట్లు.

లెక్క ఇలా వస్తుంది: 100 వేగంలో ఒక అక్షరం 0.6 సెకన్లు, ఒక మాత్ర 0.15 సెకన్లు, ఒక చుట్టు 2.4 సెకన్లు. ఆఖరి అంకె గుర్తుంచుకోండి, 6వ అంచెలో దానితో పని ఉంది.

ఇప్పుడు పాట పెట్టి రెండు నిమిషాలు ఇది మాత్రమే చేయండి: నోటితో తకధిమి అంటూ, ప్రతి ‘త’కు కాలి మడమ నేలకు తగిలించాలి. వాద్యాల గొడవ పట్టించుకోకండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు చప్పట్లది. భజనలో అలవాటైన చేతులు 1, 3 అక్షరాల మీద చప్పట్లు కొడతాయి. ఈ సంగీతంలో స్నేర్ డ్రమ్ (పుల్లలతో కొట్టే, ‘టప్’మని పలికే డ్రమ్) గట్టి దెబ్బలు 2, 4 అక్షరాల మీద పడతాయి. కాలు నాలుగింటికీ, చేతులు 2, 4కే. ఎదురు కొడుతున్నట్టు అనిపిస్తే పాట ఆపి, కాలును ఒక్కదాన్నే నాలుగు చుట్లు నడిపించి, ఆ తర్వాత చేతులు కలపండి.

3. డ్రమ్స్ గళ్లలోకి ఎక్కించడం

అసలు పని ఇక్కడే. మొదటి విడత మొత్తం దీనికే ఇచ్చినా దండగ కాదు.

స్టబుల్‌ఫీల్డ్ ప్రతి చుట్టునూ అచ్చు గుద్దినట్టు వాయించడు, చిన్న తేడాలు వస్తూ ఉంటాయి. వాయించేవాళ్లు సాధారణంగా రాసుకునే మూల వరస మాత్రం ఇది. గళ్లకు 1 నుంచి 16 వరకు అంకెలు వేసి నింపండి.

- హైహ్యాట్ (జంట తాళాల్లాంటి రేకులు): 16 గళ్లలోనూ పడుతుంది. 8, 14 గళ్లలో రేకులు తెరుచుకుని ‘ట్స్’ అని సాగుతుంది, మిగతావన్నీ మూసి కొట్టినవి.
- స్నేర్, గట్టి దెబ్బలు: 5, 13.
- స్నేర్, మెల్లని దెబ్బలు: 8, 10, 12, 16.
- కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్): 1, 3, 7, 11, 14.

కాగితం మీద 9వ గడిని చూడండి. అది మూడో అక్షరపు ‘త’. తాళం ప్రకారం బరువైన చోటు. అక్కడ కిక్ లేదు, స్నేర్ లేదు, మూసిన హైహ్యాట్ ఒక్కటే టిక్కుమంటుంది. కాలు నేలను తాకే క్షణంలో కింద మెట్టు లేనట్టు ఉంటుంది. రెండు మాత్రల తర్వాత 11లో కిక్ వచ్చి పట్టుకుంటుంది. మెడ దానంతట అది ఊగడానికి కారణం వేగం కాదు, ఈ ఖాళీ.

రెండోది 14వ గడి. 13లో గట్టి స్నేర్ పడిన మరుక్షణం, ‘క’ మీద కిక్కూ తెరిచిన హైహ్యాటూ కలిసి వస్తాయి. చుట్టు ముగియకముందే తర్వాతి 1 వైపు తోసే దెబ్బ అది. 1 మీద మళ్లీ కిక్ దిగుతుంది. మనం సమం అనే చోటును జేమ్స్ బ్రౌన్ బృందం ‘ద వన్’ అనేది. అన్ని వాద్యాలూ ఎటు తిరిగినా అక్కడికి వచ్చి చేరాలన్నది వాళ్ల కట్టుబాటు.

మెల్లని దెబ్బలను డ్రమ్మర్లు ఘోస్ట్ నోట్స్ అంటారు. పుల్లను ఒకటి రెండు అంగుళాల ఎత్తు నుంచి వదిలితే వచ్చే శబ్దం అది. డప్పులో సిర్ర దెబ్బల మధ్య చిటికెన పుల్ల చేసే పని తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. పెద్ద దెబ్బ లెక్క చెబుతుంది, చిన్న దెబ్బ నడక ఇస్తుంది.

అవి వినపడకపోతే ఈ వరసలో ప్రయత్నించండి:

- ఫ్యాను ఆపండి. నవ్వులాట కాదు, ఫ్యాను హోరులో ముందు మునిగిపోయేవి ఇవే.
- వేగం సగానికి తగ్గించండి. ఇంకా తగ్గిస్తే సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని చీల్చి, లేని దెబ్బలు వినిపించవచ్చు.
- శబ్దం పెంచకండి. పెంచితే గట్టి దెబ్బలూ అంతే పెరుగుతాయి. ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించడం మేలు.
- 9 నుంచి 12 గళ్ల మీదే చెవి పెట్టండి. మూడో తకధిమిలో ‘క’, ‘మి’ మీద స్నేర్ గుసగుసలాడుతుంది, మధ్యలో ‘ధి’ మీద కిక్. త-క-ధి-మి అని ఒత్తి పలుకుతూ వింటే దొరికిపోతుంది.

4. చేతులతో ఒకసారి వాయించి చూడడం

డ్రమ్స్ నేర్చుకోనవసరం లేదు. బల్ల చాలు. చెవి పట్టని వివరాన్ని చేయి పడుతుంది, అందుకే ఈ అంచె.

(అ) కుడి చేతి రెండు వేళ్లతో బల్ల మీద 16 మాత్రలు. నిమిషానికి 60 వేగంలో మొదలు, అంటే చుట్టుకు 4 సెకన్లు.

(ఆ) ఎడమ అరచేతితో 5, 13. తప్పకుండా పది చుట్లు వచ్చేదాకా ముందుకు పోవద్దు.

(ఇ) కుడి కాలితో 1, 3, 7 వరకే. తర్వాత 11. ఆఖరున 14. ఐదూ ఒక్కసారి పెడితే కాలు 9 మీద పడిపోతుంది. అలవాటు దాన్ని అక్కడికి లాగుతుంది మరి.

(ఈ) ఎడమ చేతి ఒక్క వేలితో 8, 10, 12, 16. వేలు బల్లను తాకితే చాలు.

(ఉ) వేగం ఐదేసి చొప్పున పెంచండి. 80 దాకా వస్తే సరిపోతుంది. 100 అందకపోతే బాధ లేదు.

ఇది ఇరవై నిమిషాలు చేసి మళ్లీ పాట వినండి. మొదటిసారి గోలలా తోచిన చోట ఇప్పుడు నాలుగు విడివిడి వరసలు వినిపిస్తాయి. వినిపించకపోతే (ఇ) దగ్గర తొందరపడ్డారన్నమాట, అక్కడికే వెళ్లండి.

5. మిగతా వాద్యాలు, తర్వాత ఆ విరామం

రెండో విడత. ఒక్కో వాద్యానికి ఒక్కో పూర్తి వినికిడి ఇవ్వండి, రెండింటిని కలపొద్దు.

బేస్ గిటార్: వాయించింది చార్లెస్ షెరెల్. గళ్ల కాగితంలో ఐదో వరస దీనిదే. బేస్ స్వరం మొదలయ్యే ప్రతి మాత్రనూ గుర్తు పెట్టి, కిక్‌తో కలిసినచోట సున్నా చుట్టండి. కలవని చోట్లే ఎక్కువ ఆసక్తిగా ఉంటాయి. డ్రమ్స్ వదిలిన ఖాళీని ఎవరు నింపారు, ఎవరు ఖాళీగానే ఉంచారు అన్నది తేలుతుంది.

గిటార్: జిమ్మీ నోలెన్, అల్ఫోన్సో కెల్లమ్. నోలెన్ పద్ధతిని చికెన్ స్క్రాచ్ అంటారు. ఎడమ చేతి వేళ్లు తంత్రుల మీద వదులుగా ఆని ఉంటాయి, కుడి చేయి ఆగకుండా గీకుతుంది. ఎడమ చేయి నొక్కిన మాత్రలోనే స్వరం పలుకుతుంది, మిగతావన్నీ ‘చక్ చక్’. గిటార్‌ను బాణీ వాద్యంగా కాకుండా ఇంకో హైహ్యాట్‌లా వినండి.

బాకాలు, ఆర్గన్: టెనర్ శాక్సోఫోన్ మాసియో పార్కర్‌ది, ఆర్గన్ జేమ్స్ బ్రౌన్ స్వయంగా వాయించాడు. పాట చాలావరకు ఒకే చట్రం మీద తిరుగుతుంది కాబట్టి వీళ్లు కథ ముందుకు నడుపుతారని ఎదురుచూడొద్దు. ఒక పలుకు విసిరి పక్కకు తప్పుకుంటారు. ఎవరు ఎన్ని చుట్లు వాయించారో లెక్కపెట్టండి, అంతే.

గొంతు: ఆఖరున. మాటల అర్థం వెతకడం మానేసి ఎవరితో మాట్లాడుతున్నాడో గమనించండి. శ్రోతలతో కాదు, బృందంతో. డ్రమ్మర్‌కు కాసేపు చోటు ఇవ్వబోతున్నానని ముందే చెబుతాడు. సోలో వాయించొద్దు, ఇప్పుడు వాయిస్తున్నదే వాయించు అని కూడా చెబుతాడు. ఈ రెండో మాట కీలకం. డ్రమ్మర్ ఒంటరిగా మిగిలినా తని ఆవర్తనంలా విద్వత్తు ప్రదర్శించడు. అదే నడక, అదే వేగం.

డ్రమ్స్ ఒక్కటే మిగిలే ఆ విరామం (బ్రేక్) పొడవాటి పాఠంలో 5 నిమిషాల 20 సెకన్లు దాటాక వస్తుంది. పాఠాన్ని బట్టి కొన్ని సెకన్లు అటూ ఇటూ. 8 చుట్లు, అంటే నాలుగు ఆది తాళ ఆవర్తనాలు, సుమారు 20 సెకన్లు. తర్వాత పాట పేరు కూడా బ్రౌన్ అక్కడే ప్రకటిస్తాడు.

నేరుగా విరామానికి దూకడం రెండో పెద్ద పొరపాటు. అయిదు నిమిషాలు బేస్, గిటార్, బాకాలు మోసిన చెవికే అవన్నీ తొలగిపోవడం తెలుస్తుంది. దూకి వింటే అదొక మామూలు డ్రమ్ లూప్. ఒకసారి మొదటి నుంచి విన్నాక ఇక ఎన్నిసార్లయినా లూప్ చేసుకోవచ్చు. ‘బోనస్ బీట్ రిప్రైజ్’ వినాల్సింది కూడా ఇప్పుడే.

ఇక్కడ ఆగి సరిచూసుకోండి:

- 2, 4 అక్షరాలకు ఆలోచించకుండా చేయి పడుతోందా?
- 9వ మాత్రలోని ఖాళీ తెలుస్తోందా?
- 8, 14లలో హైహ్యాట్ తెరుచుకోవడం వినిపిస్తోందా?
- మెల్లని దెబ్బల్లో కనీసం రెండు పట్టగలుగుతున్నారా?

మూడింటికి అవునంటే మూడో విడతకు వెళ్లవచ్చు.

6. ప్రభావం ఎలా పాకిందో చెవితో పట్టడం

పాట విడుదలైనప్పుడు ఈ 20 సెకన్లను వెతుక్కుని విన్నవాళ్లు తక్కువ. పాకింది తర్వాత, రెండు అంచెల్లో. 1973 నుంచి న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని, డ్రమ్స్ మాత్రమే మిగిలే విరామాలను మార్చి మార్చి వాయించి సాగదీసే పద్ధతి తెచ్చాడు. 1980ల్లో ఆ పనిని సాంప్లర్ యంత్రాలు చేతికి తీసుకున్నాయి. రికార్డులోంచి ఒక ముక్కను (సాంపిల్) పట్టి మళ్లీ మళ్లీ వాయించేవి అవి. 1986 సంకలనం సరిగ్గా ఆ సమయానికి అందింది.

యంత్రం పరిమితులు తెలిస్తే వినడం తేలికవుతుంది. 1987లో వచ్చిన ఇ-ము ఎస్పీ-1200 తీసుకోండి. మొత్తం జ్ఞాపకం (మెమరీ) 10 సెకన్ల చిల్లర, ఒక్కో ముక్కకు సుమారు 2.5 సెకన్లు. మన పాటలో ఒక చుట్టు 2.4. అంటే ఒకటి పట్టి రవ్వంత మిగులుతుంది. అందుకే లూపు ఒక చుట్టుకే మళ్లీ మొదటికి వస్తే ఆశ్చర్యం లేదు. అసలు రికార్డింగ్‌లో చుట్టుకు చుట్టుకు ఉన్న చిన్న తేడాలు ఇక్కడ పోతాయి.

చోటు చాలనప్పుడు ఒక చిట్కా వాడేవారు: నిమిషానికి 33 సార్లు తిరగాల్సిన రికార్డును 45 సార్లు తిరిగేలా పెట్టి యంత్రంలోకి ఎక్కించి, లోపల మళ్లీ నెమ్మది చేయడం. 1.35 రెట్లు చోటు కలిసొస్తుంది, బదులుగా శబ్దం గరుకెక్కుతుంది. పైగా ఆ యంత్రం సెకనుకు 26.04 వేల నమూనాలే తీసుకుంటుంది కాబట్టి 13 కిలోహెర్ట్జ్ పైన అసలు శబ్దం నిలవదు. హైహ్యాట్ మెరుపు తగ్గి ఇసుక గీసినట్టు వినిపిస్తే కారణం అదే.

ఈ విరామాన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అందులో శ్రుతి గల వాద్యం లేదు. మీద ఏ శ్రుతిలో ఏ బాణీ పెట్టినా అపస్వరం రాదు.

వినాల్సిన వరస, తేలికైనదాని నుంచి కష్టమైనదానికి:

(అ) సినేడ్ ఓ’కానర్, ‘ఐ యామ్ స్ట్రెచ్డ్ ఆన్ యువర్ గ్రేవ్’, 1990. పాత ఐరిష్ కవితకు ఇంగ్లిష్ అనువాదం. మొదట్లో ఈ డ్రమ్స్ మీద గొంతు ఒక్కటే దాదాపు నగ్నంగా నిలబడుతుంది. గళ్ల కాగితం పక్కన పెట్టుకుని సరిచూడటానికి ఇంతకంటే మంచిది లేదు.

(ఆ) జార్జ్ మైకేల్, ‘వెయిటింగ్ ఫర్ దట్ డే’, 1990. మెత్తని పాప్ పాట కింద అదే నడక. మెల్లని దెబ్బలు గిటార్ వెనక దాక్కుంటాయి, వెతకండి.

(ఇ) ఎల్ఎల్ కూల్ జే, ‘మామా సెడ్ నాక్ యూ అవుట్’, 1990. గొంతు ముందుకు దూసుకొచ్చినా హైహ్యాట్ వదలకండి.

(ఈ) పబ్లిక్ ఎనిమీ, ‘ఫైట్ ద పవర్’, 1989. చాలా రికార్డుల ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చిన పాట, అందుకే ఆఖరున. తొలి పంక్తుల్లోనే ఫంకీ డ్రమ్మర్‌ను పేరుపెట్టి తలుస్తారు.

ఇన్నిచోట్ల వినిపించిన ఆ చేతులకు ముట్టిందేమిటి? రచయితగా పేరు జేమ్స్ బ్రౌన్ ఒక్కడిదే. 2017లో కన్నుమూసిన స్టబుల్‌ఫీల్డ్‌కు ఈ పాట సాంపిళ్ల మీద రచయిత రాయల్టీ హక్కు లేదు. బాణీకీ మాటలకూ ఉన్న హక్కు నడకకు లేకపోయింది. పాట మొత్తం నడకే అయినప్పుడు ఇది మామూలు అన్యాయం కాదు.

7. గుర్తుపట్టడంలో వచ్చే పొరపాట్లు, సవరణలు

ప్రతి పాత డ్రమ్ లూపూ ఇదే అనుకోవడం: పోటీకి మరికొన్ని ఉన్నాయి. ద విన్‌స్టన్స్ ‘ఆమెన్ బ్రదర్’ (1969) బాగా వేగం, పెద్ద సింబల్ మోత ఉంటుంది. లిన్ కాలిన్స్ ‘థింక్’ (1972) లో గిలకల తాళమూ మనుషుల కేకలూ కలిసి ఉంటాయి. ‘ఫంకీ డ్రమ్మర్’ గుర్తు మాత్రం ఆగని 16 హైహ్యాట్లు, 8, 14లలో తెరుచుకోవడం. ఈ రెండూ లేకపోతే వేరేది.

వేగం కుదరలేదని కొట్టిపారేయడం: రికార్డును వేగంగా తిప్పితే శ్రుతి కూడా పెరుగుతుంది. 100ను 110 చేస్తే డ్రమ్స్ ఒకటిన్నర స్వరస్థానాలకు కాస్త పైకి లేస్తాయి. వేగం పెరిగి స్నేర్ సన్నబడితే అది ఇదే కావచ్చు. అంకె చూడకండి, వరస చూడండి.

వరస మారిందని వదిలేయడం: లూప్ చేయడం వేరు, తరిగి అతకడం వేరు. కిక్ ఒక్కటి, స్నేర్ ఒక్కటి విడదీసి కొత్త వరసలో పేర్చితే గళ్లు కలవవు. అప్పుడు స్నేర్ శబ్దం ఒక్కటే ఆధారం. అంతమాత్రాన తేల్చి చెప్పలేం, ‘కావచ్చు’ దగ్గరే ఆగండి.

జాబితాలు చూసి వినడం: ఎక్కడో పేరు చదివాక అది లేనిచోట కూడా వినిపిస్తుంది. ముందు విని కాగితం మీద రాయండి, జాబితా తర్వాత.

1991 తర్వాతి పాటల్లోనూ సాంపిళ్లు అంతే దట్టంగా ఉంటాయని ఆశించడం: ఆ ఏడాది డిసెంబర్‌లో అమెరికాలో ర్యాపర్ బిజ్ మార్కీ ఆల్బమ్ మీద వచ్చిన కోర్టు తీర్పుతో, అనుమతి లేని సాంపిల్ ఖరీదైన వ్యవహారమైంది. పదేసి ముక్కలు పేర్చడం తగ్గి, ఒకటి రెండింటితో సరిపెట్టడం పెరిగింది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న పాటలను విడిగా పెట్టుకుని వినండి.

8. తర్వాత ఏది

ఇదే కాగితం పద్ధతిని ఇదే డ్రమ్మర్ 1967లో వాయించిన ‘కోల్డ్ స్వెట్’ మీద పెట్టండి. కొత్తగా 16 గళ్లు గీసి, ముందు గట్టి స్నేర్ మాత్రమే రాయండి. 5లో దొరుకుతుంది. రెండోదాని కోసం 13లో వెతికితే దొరకదు. నాలుగో తకధిమిలో ‘త’ను దాటించి ‘ధి’ మీద, 15వ గడిలో పెట్టాడు.